మొక్కు లేని ప్రయాణం

"ఎవరు పోయారు?" అని అడిగాడు మౌలాలీ మేస్త్రీ.

"ఎవరూ పోలేదు" అంది పోలేరమ్మ.

"మొక్కు ఉందా?"

"మొక్కూ లేదు."

"మరి సెలవెందుకు?"

పోలేరమ్మ ఉలి కింద పెట్టి, కొంగుతో మొహం మీది రాతిపొడి తుడుచుకుంది. "లాంచీ ఎక్కాల. శనివారం పోయి, నాగార్జునకొండ చూసి, పొద్దుగూకేలోపు వస్తా" అంది.

మాచర్ల శివార్లలోని ఆ నాపరాళ్ళ ఫ్యాక్టరీలో మేస్త్రీ అయిన నాటినుంచి మౌలాలీ చావులకు సెలవిచ్చాడు, పెళ్ళిళ్ళకు ఇచ్చాడు. కోటప్పకొండ తిరునాళ్ళకు, గుణదల ఉత్సవానికి, ఉరుసులకు అడక్కుండానే ఇచ్చాడు. సరదాకు సెలవడిగిన మనిషి మాత్రం ఇంతవరకు తగల్లేదు. ఆ మాటకొస్తే మౌలాలీ తానైనా ఎప్పుడూ అడగలేదు.

"అమాసకు పోరాదా? ఆ రోజెటూ పని ఉండదు" అన్నాడు.

"అమాసపూట నీళ్ళ మీదికి ఎవరన్నా పోతారా? నాకు భయం లేదులే, నాతో వచ్చేవాళ్ళకుంది. ఒంటిగా పోతే ఇంక సరదా ఏముంది?"

"సరదా అంటే అయ్యగారు ఒప్పుకోడు అక్కా. ఏదో ఒక మొక్కు చెప్పు. నేను సర్దుతా."

"లేని మొక్కు ఎట్టా చెప్పేది?"

"చెప్తే నీ సొమ్మేం పోయిద్ది?"

"నా సరదాకు దేవుణ్ణెందుకు అడ్డం పెట్టాల?" అని పోలేరమ్మ మళ్ళీ ఉలి అందుకుంది.

మౌలాలీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. చావుకో దేవుడికో తప్ప పని మానితే, తిరిగొచ్చేసరికి ఆ మనిషి చోటు ఇంకొకరిదవుతుంది. అది ఫ్యాక్టరీ యజమాని, అయ్యగారు త్రికోటేశ్వరరావు పెట్టిన కట్టుబాటు. పోలేరమ్మ చోటు కానుగచెట్టు కింద. బండను చెక్కదిమ్మకు ఆనించి, రంగుతాడుతో కొట్టిన గీత వెంట ఉలిని ఏటవాలుగా ఆనించి అంచు తీయడం ఆమె పని. ఫ్యాక్టరీ మొత్తానికి ఆడవాళ్ళు కూర్చుని చేసే పని అదొక్కటే, నీడా అదొక్కటే. ఆ చోటు పోతే ఇక లారీలకు బండలు మోయాలి. యాభై దాటిన నడుముతో, పలనాటి ఎండలో.

"తెల్సుగా" అన్నాడు మేస్త్రీ.

"తెల్సు. శనివారం రాను" అంది పోలేరమ్మ. ఉలి మీద సుత్తి పడింది. గీత దగ్గర రాయి అంచు చెదరకుండా విడిపోయింది.

ఈ పిచ్చి ఆమెకు పోయిన నెల పట్టుకుంది. విజయపురి సౌత్ లాంచీల రేవులో పరచడానికి బండలు పోతుంటే, దించే కూలీలు చాలక ఆమెను కూడా లారీ ఎక్కించారు. బండ మోస్తూ తలెత్తితే లాంచీ కదులుతోంది. కమ్మీ పట్టుకుని తన ఈడు ఆడమనిషి ఒకతె నిలబడి ఉంది. కట్టింది నేతచీరే, చేతులు చూస్తే చేలో పనిచేసే చేతులే. "ఏం మొక్కమ్మా?" అని ఒడ్డునుంచే కేకేసింది పోలేరమ్మ. "మొక్కేంది వదినా, ఊరకే!" అని ఆమె నవ్వింది. సాయంత్రం లాంచీ తిరిగొచ్చేదాకా పోలేరమ్మ బండలు దించుతూనే ఉంది. ఆ మనిషి జుట్టంతా చెదిరిపోయి, ఇంకా నవ్వుతూనే దిగింది. పోలేరమ్మకు కడుపు మండింది. దాన్ని అసూయ అనుకోవడానికి ఆమె మొహమాటపడలేదు. పుట్టి బుద్ధెరిగాక తను బస్సెక్కిందంటే దేవుడి దగ్గరికో, చచ్చినవాళ్ళ దగ్గరికో, ఆసుపత్రికో పోవడానికేనని ఆ సాయంత్రం లారీలో వస్తూ లెక్కేసుకుంది. ఒక్క రోజు, ఎవరికీ బాకీ లేని రోజు, కావాలనిపించింది.

మధ్యాహ్నం బువ్వ దగ్గర గంగమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. గంగమ్మ అవతలి ఎండలో బండలు మోసే మనిషి. పోలేరమ్మను వదినా అంటుంది.

"నాకు సెలవు దొరికింది వదినా" అంది గుసగుసగా. "కోటప్పకు తలనీలాల మొక్కుందని చెప్పా. మేస్త్రీ సరేనన్నాడు."

పోలేరమ్మ ముద్ద చేతిలోనే ఆగింది. "ఎవరి తలనీలాలు?"

"నాయే."

"ఓసి నీ బండబడ! ఆదివారం నున్నటి గుండుతో పనిలోకి రావాలిగా?"

గంగమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది. "నోటికి అదే వచ్చింది వదినా" అంది. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. గంగమ్మ అబద్ధం మరీ అతికి, ఊడిరానంటోంది.

ఆ సాయంత్రం వీధి కుళాయి దగ్గర ఎలిజబెత్ వాళ్ళకు లాంచీ పాఠం చెప్పింది. ఎలిజబెత్ మిషన్ హాస్టల్లో ఆయా. పిల్లల వెంట లాంచీ ఎక్కి వచ్చింది కాబట్టి ఆ వీధికంతటికీ సముద్రాలు దాటిన మనిషి కింద లెక్క. ఈసారి ముగ్గురూ కలిసి పోతున్నారు. శనివారమైతే హాస్టలు పిల్లలు ఇళ్ళకు పోతారు, ఆమెకు వీలు.

"మొదటి బస్సుకే పోవాల" అంది ఎలిజబెత్, బిందె కింద పెట్టి. "లాంచీ మన అల్లుడు కాదు, మన కోసం ఆగదు. పొద్దున్నే కడుపు నిండా తినబాకండి, నీళ్ళ మీద తిప్పిద్ది. తలా ఒక నిమ్మకాయ కొంగున కట్టుకోండి. ఎనకమాల ఇంజను పక్కన కూర్చోబాకండి, ఆ డీజిలు కంపుకు ఉన్నది కాస్తా బయటికొచ్చిద్ది. ఎక్కగానే కుడిపక్క బల్ల పట్టుకోవాల. ఎండ పడదు."

"వచ్చేటప్పుడు ఎడంపక్కా?" అని పోలేరమ్మ అడిగింది.

"వచ్చేటప్పుడు గూడా కుడిపక్కే."

"అదెట్టా?"

"ఎట్టానో నాకేం తెల్సు? ఎడంపక్క కూర్చుని మాడిపోయా కాబట్టి చెప్తన్నా. ఇంకోటి, కొండ మీద దిగినాక లాంచీ కూత ఎప్పుడేస్తారా అని ఒక చెవి అటే పెట్టాల. మా టీచరమ్మ ఒకామె కూత విని గూడా ఫోటో, ఫోటో అంటా నిలబడింది. లాంచీ పోయింది. ఆఖరి లాంచీ దాకా కొండ మీద ఏడుస్తా కూర్చుంది. సామాను తక్కువ తెచ్చుకోండి. గంగమ్మా, నీకే చెప్పేది."

"నేనేం తెస్తా, రెండు పులిహోర మెతుకులు" అంది గంగమ్మ.

కుళాయి కింద ఎవరిదో బిందె నిండి పొర్లిపోతోంది. అది హలీమాది. మౌలాలీ మేస్త్రీ భార్య. చంకలో బిడ్డనెత్తుకుని, నోరు తెరుచుకుని వింటోంది. పోలేరమ్మ వంగి బిందె పక్కకు జరిపింది.

"చంటిబిడ్డల్ని ఎక్కనిస్తారా అక్కా?" అని హలీమా అడిగింది.

"ఎందుకెక్కనియ్యరు? నువ్వూ రా" అంది పోలేరమ్మ.

"మా ఆయనకు సెలవెవరిస్తారు?" అంది హలీమా. "ఊరందరికీ ఇచ్చేది ఆయనే. ఆయనకిచ్చేవాళ్ళే లేరు."

శుక్రవారం పని దిగే వేళకు మౌలాలీ మళ్ళీ కానుగచెట్టు కిందికి వచ్చాడు. కూలీలు కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నారు. పోలేరమ్మ ఆ రోజు ఆఖరి బండను వేలి కణుపుతో తట్టి చూస్తోంది. రాయి కంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. ఇది కంగుమంది.

"అయ్యగారికి నేనేం చెప్పాల?" అన్నాడు.

"లాంచీ ఎక్కడానికి పోయిందని చెప్పు."

"నీ చోటు గంగమ్మకు ఇమ్మన్నాడు అక్కా, నువ్వు రాకపోతే. ఆమెది మొక్కంట కదా, ఆమెకు తప్పు లేదంట."

అక్కడ పోలేరమ్మకు నిజంగానే ఒళ్ళు మండింది. గంగమ్మ మీద కాదు. నిజం చెప్పినవాళ్ళకు ఎండా, అబద్ధం చెప్పినవాళ్ళకు నీడా అయితే ఈ కట్టుబాటు ఎవరికోసం? అడిగితే మౌలాలీ మాత్రం ఏం చెప్తాడు? ఆమె లేచి, తను కూర్చునే గోనెపట్టా దులిపింది. చెక్కదిమ్మను చంకన పెట్టుకుంది. ఉలీ సుత్తీ గోనెలో చుట్టింది. అన్నీ తీసుకుని ఆవరణ దాటి, లారీలు ఆగే చోట, ఎండలో, బండల గుట్ట పక్కన తెచ్చి పెట్టింది.

"ఏం చేస్తన్నావు?" అన్నాడు మేస్త్రీ వెనకే వచ్చి.

"ఎవరో తీసి పారేసేదాకా ఎందుకు? నేనే తెచ్చి పెట్టుకుంటన్నా. ఆదివారం ఈడికే వస్తా."

మౌలాలీ గోనెమూట వంక, ఖాళీ అయిన చెట్టు మొదలు వంక చూశాడు. భుజం మీది తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

శనివారం మొదటి బస్సు దిగేసరికి రేవులో ఇంకా చలిగాలి వీస్తోంది. గంగమ్మ చెప్పిన రెండు పులిహోర మెతుకులూ ఒక తపేలాడు తేలాయి. ఆ మీద కొబ్బరికాయ, పసుపు కుంకుమ, అరటిపళ్ళు. అబద్ధపు మొక్కును కృష్ణమ్మ దగ్గరైనా నిజం చేద్దామని ఆమె ఆలోచన. రేవు మెట్ల మీద కాయ కొట్టి, "తల్లీ, జుట్టొక్కటీ అడగబాకు" అని దండం పెట్టుకుంది. దండం పెట్టాక, గాలికి ఆకలవుతుందని చెప్పి సగం తపేలా అక్కడే ఖాళీ చేసింది. ఎలిజబెత్ వద్దంటున్నా వినలేదు.

మెట్లకు పరిచిన బండల్లో తన చేతి అంచులను పోలేరమ్మ గుర్తుపట్టింది. వాటిని తొక్కుకుంటూ పోయి లాంచీ ఎక్కింది. ఎక్కేవాళ్ళ తోపులాటలోనే ఎలిజబెత్ కుడిపక్క బల్ల మీద సంచి విసిరి చోటు పట్టింది.

మోకులు విప్పారు. ఇంజను అదురు బల్లల్లోంచి అరికాళ్ళకు పాకింది. ఒడ్డు వెనక్కి జరిగింది. రేవు, మెట్లు, బండలు, ఆ వెనక డ్యాము గోడ చిన్నవైపోయాయి. పోలేరమ్మ కమ్మీ పట్టుకుంది. కాసేపటికి చూసుకుంటే బండను పట్టినట్టు బిగించి పట్టుకుంది. చేతులు వదిలి ఒళ్ళో పెట్టుకుంది. వాటిని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. చీర కుచ్చిళ్ళు సర్దింది, నిమ్మకాయ వాసన చూసింది, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. పగటిపూట ఇంతసేపు ఆ చేతులు ఖాళీగా ఎప్పుడున్నాయి? నీళ్ళ తుంపర మొహాన కొట్టింది. జడ వదులైపోయి వెంట్రుకలు కళ్ళ మీద పడుతున్నాయి. ఆమె తోసుకోలేదు. లోపలినుంచి నవ్వు తన్నుకొచ్చింది.

"ఏందే, నవ్వుతన్నావు?" అంది ఎలిజబెత్.

"ఏం లేదు. ఊరకే" అంది పోలేరమ్మ. ఆ మాట అనడానికే ఇంత దూరం వచ్చినట్టు ఆమెకు చాలా సంతోషం వేసింది.

గంగమ్మకు మాత్రం సంతోషం లేదు. పులిహోర కడుపులో ఈత కొడుతోంది. నిమ్మకాయ అందేలోపే ఆమె నోరు మూసుకుని లాంచీ వెనక్కి పరిగెత్తింది. పోలేరమ్మ చెంబుతో నీళ్ళు తీసుకుని వెంట వెళ్ళింది.

వెనక, ఇంజను పక్కన, తల మీద తువ్వాలు కప్పుకుని ఒకతను మూలకు ఒదిగి కూర్చున్నాడు. పక్కన బురఖాలో భార్య, ఆమె ఒళ్ళో బిడ్డ. బిడ్డ చెయ్యి చాచి తువ్వాలు లాగింది.

"మేస్త్రీ!" అంది గంగమ్మ, వాంతి సంగతి మరిచిపోయి.

మౌలాలీ ఆమె తలకట్టు వంక చూశాడు. దట్టమైన జుట్టు, గాలికి ఎగురుతోంది. గంగమ్మ బిడ్డ వంక, భార్య వంక, కొత్త చొక్కా వంక చూసింది. నిన్న సాయంత్రం గురజాలలో హలీమా మేనమామ పోయాడని, అయ్యగారికి కబురు పంపి మరీ మౌలాలీ సెలవు పుచ్చుకున్నట్టు రాత్రికే కూలీలందరికీ తెలిసింది.

"మీ మామ..." అంది గంగమ్మ.

"నీ గుండు..." అన్నాడు మౌలాలీ.

ఇద్దరూ అంతటితో ఆపేశారు. హలీమా మేలిముసుగు ఎత్తి, "నేనే లాక్కొచ్చా అక్కా. మా మామ దుక్కలాగా ఉన్నాడు" అంది. ఆ పాపం తన నెత్తినే వేసుకుందామని ఆమె తాపత్రయం.

మౌలాలీ తల దించుకున్నాడు. పోలేరమ్మ ఎదుట అంత పెద్ద మనిషి మొహం పిల్లాడి మొహమైపోయింది. ఆమెకు అతని మీద ఉన్న కాస్త కోపమూ అక్కడే నీరుగారింది. సెలవులిచ్చేవాడు కూడా చావు చాటున దాక్కుని రావాల్సి వచ్చిందే అని జాలేసింది.

"ఈ కంపులో ఎందుకు కూర్చున్నారు? బిడ్డకు తల తిరిగిద్ది. కుడిపక్కకు రాండి" అంది.

బల్ల మీద అందరూ జరిగారు. హలీమా కమ్మీ పక్కన కూర్చుని బిడ్డకు నీళ్ళు చూపిస్తోంది. మౌలాలీ బల్ల చివర సగం ఆని కూర్చున్నాడు. కొంతసేపటికి, "అయ్యగారితో అనబాకు అక్కా" అన్నాడు మెల్లగా.

"నేనెందుకంటా? నా సంగతి నేను చెప్పుకునే వచ్చా. మీ సంగతులు మీ ఇష్టం" అంది పోలేరమ్మ. ఎత్తిపొడుపుగా కాదు, మామూలుగానే అంది. మౌలాలీకి అదే ఎక్కువ తగిలింది.

కొండ మీద మ్యూజియంలో చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఎలిజబెత్ ఒక చెవి కూత వైపు పెట్టి వాళ్ళను నడిపించింది. గోడల వెంట చెక్కిన పలకలు. ఏనుగులు, పూలతీగలు, దండాలు పెట్టే మనుషులు. పోలేరమ్మ బొమ్మల కంటే ముందు అంచులు చూసింది. ఒక పలక దగ్గర ఆగి వంగింది. తాకవద్దని కాపలా మనిషి అన్నాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఉలి ఆనించిన వాలు కనపడుతోంది.

"ఇది మన పక్క రాయే" అంది. మౌలాలీ పక్కన నిలబడి ఉన్నాడు. "ఎన్నేళ్ళు కూర్చుని కొట్టారో. వీళ్ళకు సెలవు ఎవరిచ్చేవాళ్ళో?"

మౌలాలీ కూడా వంగాడు. ఆ పలక వంక చాలాసేపు చూశాడు.

కూత వేయకముందే ఎలిజబెత్ అందరినీ రేవుకు తోలింది. ఆ రోజు తిరుగు లాంచీ ఎక్కినవాళ్ళలో మొదటివాళ్ళు వాళ్ళే. కుడిపక్క బల్ల మళ్ళీ దొరికింది. ఎండ ఎడంపక్క వాళ్ళ నెత్తిన పడింది. అదెట్టాగో పోలేరమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం పొద్దున పోలేరమ్మ చెప్పినట్టే ఎండలోకి వచ్చింది. ఉలీ సుత్తీ గోనెలోనే ఉంచి, తలకు చుట్టకుదురు పెట్టుకుని బండలు ఎత్తింది. హైదరాబాదు లారీ నిండాలి. మూడో బండకే నడుము పట్టేసింది. అయినా ఆమె మొహాన నిన్నటి గాలి ఇంకా ఉంది.

కానుగచెట్టు కింద గంగమ్మ కూర్చుంది. తల చుట్టూ గుడ్డ బిగించి కట్టుకుంది, వెంట్రుక కూడా కనపడకుండా. కావాలనుకున్న నీడలో కూర్చుని, ముళ్ళ మీద కూర్చున్నట్టు కదులుతోంది. ఆమె ఉలి గీత దాటిపోయి, ఒక బండ మూల లేచిపోయింది.

ఎండ ముదిరాక అయ్యగారు మోటారుసైకిలు మీద వచ్చాడు. ఎండలో పోలేరమ్మను చూశాడు. "ఏమ్మా, లాంచీ ఎక్కావా? ఇప్పుడు బండల్ని లారీ ఎక్కించు" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు. కానుగచెట్టు వైపు తిరిగి, "చూడండి, మొక్కు తీర్చుకొచ్చిన మనిషి నీడపట్టున ఎట్టా ఉందో" అన్నాడు. గంగమ్మ గుడ్డ ఇంకా కిందికి లాక్కుంది.

"మౌలాలీ, పోయింది ఎవరు?" అన్నాడు తర్వాత. "మీ ఆవిడ మేనమామ అన్నావు. ఆయన పోయిన ఏడు కూడా పోయినట్టున్నాడే?"

లారీ దగ్గరున్న కూలీలు ఆగిపోయారు. మౌలాలీ నోరు తెరిచాడు. ఇంకో మామ పేరు చెప్తే సరిపోయేది. గురజాలలో మామలకు కొదవ లేదు. అతను పోలేరమ్మ వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడటం లేదు. బండను తొడకు ఆనించి, పైకెత్తడానికి ఊపిరి బిగబట్టి ఉంది.

"ఎవరూ పోలేదండీ" అన్నాడు మౌలాలీ. "నేను గూడా లాంచీ ఎక్కొచ్చా. మా ఆడమనిషిని, బిడ్డను తీసుకుని. మొక్కు లేదు, చావు లేదు. మీతో అబద్ధం చెప్పి పోయా. పోలేరమ్మ నిజం చెప్పి పోయింది. చోటు తియ్యాలంటే నాది తియ్యండి."

అయ్యగారు ఏదో అనేలోపు కానుగచెట్టు కింద గంగమ్మ లేచి నిలబడింది. తల గుడ్డ ముడి విప్పి లాగేసింది. ఉన్న జుట్టంతా నడుము దాకా జారింది. "నాదీ అబద్ధమేనయ్యా" అని, గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే ఉలి కింద పడేసి ఎండలోకి నడిచొచ్చి పోలేరమ్మ చేతిలోని బండకు రెండో కొస పట్టింది.

త్రికోటేశ్వరరావు మొహం కందగడ్డయింది. మేస్త్రీని తీసేస్తే లారీ ఎవరు నింపిస్తారు? అంచు తీసే చెయ్యి ఎండలో బండలు మోస్తుంటే గంగమ్మ పగలగొట్టిన బండల్ని ఎవరు కొంటారు? ఆయన చెట్టు కింద పడి ఉన్న మూల లేచిపోయిన బండను కాలితో తిప్పి చూశాడు.

"అందరూ ఇట్టా గాలికి తిరగడం మొదలెడితే ఫ్యాక్టరీ నడిచినట్టే" అన్నాడు.

"ఒకరు పోయొచ్చినాక ఒకరు పోతారండీ. బండలు యాడికీ పోవు" అన్నాడు మౌలాలీ.

"లోడు ఆగిందో, నీ సంగతి చూస్తా" అని అయ్యగారు మోటారుసైకిలు తన్నాడు. సరే అన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. దుమ్ము రేపుకుంటూ పోయాడు.

మౌలాలీ వచ్చి గోనెమూట, చెక్కదిమ్మ తనే ఎత్తుకున్నాడు. ఆవరణ దాటి కానుగచెట్టు మొదట్లో, ఎప్పుడూ ఉండే చోట పెట్టాడు. పోలేరమ్మ గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. నడుము కాసేపు సవరించుకుని, బండను తట్టి చూసింది. కంగుమంది.

పని దిగే వేళకు లక్ష్మమ్మ అని పాలిష్ మిషను దగ్గర నీళ్ళు పోసే మనిషి, చేతులు చీరకు తుడుచుకుంటూ మేస్త్రీ దగ్గరికొచ్చింది. వచ్చే వారం ఒకరోజు సెలవు కావాలంది.

"ఎవరు..." అని మొదలెట్టి మౌలాలీ ఆగాడు. "ఎందుకు?" అన్నాడు.

లక్ష్మమ్మ ఒకసారి పోలేరమ్మ వంక చూసి, "ఊరకే" అంది. అంటున్నప్పుడు ఆమెకు భయమూ వేసింది, సిగ్గూ వేసింది.

మౌలాలీ తల ఊపాడు. "మొదటి బస్సుకే పో. ఎక్కగానే కుడిపక్క కూర్చో. ఎండ పడదు" అన్నాడు.

పోలేరమ్మ గీత మీదనుంచి తలెత్తలేదు.

"వచ్చేటప్పుడు గూడా కుడిపక్కే" అంది.